తడి ఆకుల పీపా

నీళ్ళ డబ్బా సగం వంపేసరికి పీపాలోని ఆకులు నల్లబడ్డాయి. ఆర్డిస్ టోర్గెసన్ మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్నవాటిని పైకి తిరగేసింది. అవి ఇంకా పొడిగానే ఉన్నాయి. మిగిలిన నీళ్ళు కూడా పోసి చేతిని ప్యాంటుకు తుడుచుకుంది. అక్టోబరు మూడో శనివారం, ఇంకా ఏడు కాలేదు. దుకాణం వెనక తారు నేల మీద సన్నగా మంచు పేరుకుని ఉంది. డెబ్బై ఒక్కేళ్ళ ఆ వేళ్ళు కణుపుల దగ్గర లావుగా ఉబ్బి, చలికి ఎర్రగా కందిపోయాయి. ఆమె వాటిని చంకల్లో దోపుకుని కాసేపు అలాగే నిలబడింది.

పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. తెల్లటి జుట్టు తనే కత్తిరించుకుంటుంది కాబట్టి ఒక పక్క కాస్త పొడుగ్గా, ఒక పక్క పొట్టిగా ఉంటుంది. దుకాణం వాళ్ళిచ్చిన చేతుల్లేని ఎర్ర కోటు మోకాళ్ళ దాకా వేలాడుతుంది. ఎడమ చెవి వినపడదు. ఎవరైనా మాట్లాడితే తల తిప్పి కుడి చెవి అప్పగిస్తుంది. అలవాటు లేనివాళ్ళకి అది పొగరులా కనిపిస్తుంది. కొంత పొగరు కూడా ఉందనుకోండి.

పీపా నీలం ప్లాస్టిక్‌ది, ఒకప్పుడు దోసకాయ ఊరగాయలు పోసి ఉంచినది. దాని పొట్టమీద వెండి రంగు టేపు అతికించి నల్ల మార్కరుతో రాసింది: ముందు దీని మీద ఊది చూడండి. మా ఊరు బ్రాంట్ ఫాల్స్‌లో ఆకులు ఊదే బ్లోయరు కొన్నవాళ్ళెవరైనా ఆ పీపా ముందు నిలబడినవాళ్ళే. పొడి ఆకుని ఏదైనా ఎగరగొడుతుంది, నేను తుమ్మినా ఎగురుతుంది, అనేది ఆమె. తడిసిన ఓక్ ఆకులు అట్ల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుని నేలని పట్టుకుంటాయి. వాటిని లేపగలిగితేనే అది యంత్రం.

ఆ ఆకులు కూడా ఆమెవి కావు. ఆమె పెరట్లో ఉన్న రెండు చెట్లూ పురుగు పట్టి ఎండిపోతే కొట్టించేసింది. పొరుగువాళ్ళ ఓక్ కింద నుంచి ప్రతి ఏడూ నాలుగు సంచులు ఏరుకొస్తుంది. ముప్పై ఒక్కేళ్ళుగా బ్లోయర్లు అమ్మే మనిషి ఇంట్లో ఒక్క చెట్టూ లేదు, ఒక్క బ్లోయరూ లేదు. ఈ మాట అని ఎవరైనా నవ్వితే తనే ముందు నవ్వేది.

కోటు జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. నిన్న సాయంత్రం మేనేజరు బ్రైస్ ఇచ్చాడు. పీపా తీసేస్తాననీ, ఎవరికీ వెనక్కి తీసుకెళ్ళి ఊది చూపించననీ, ఆ వారం కంపెనీ ముందుంచమన్న సరుకునే ముందు చూపిస్తాననీ, కొనడానికి వచ్చినవాళ్ళని వద్దని పంపననీ అందులో ఉంది. కింద సంతకానికి గీత. ఈరోజు దుకాణం మూసేలోపు సంతకం పెట్టాలి. పెట్టకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు.

హాగెన్ల ఇనప సామాన్ల దుకాణం రెండేళ్ళ కిందట ఏదో కంపెనీ చేతికి పోయింది. ముసలి హాగెన్ ఉన్నప్పుడు ఆర్డిస్‌కి అడ్డు చెప్పినవాడు లేడు. ఆ ఉద్యోగం లేకపోతే ఆమెకు తిండికి లోటేమీ లేదు. భర్త లేలాండ్ పాల ట్యాంకరు నడిపేవాడు, తొమ్మిదేళ్ళ కిందట టీవీ ముందు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పింఛను వస్తుంది, ఇల్లు సొంతం. కానీ ఆ ఇంట్లో ఆమెని ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడ రోజుకి ఇరవై మంది అడుగుతారు. ఆమెకు కావలసింది అదొక్కటే, అది పోతుందని నిన్న రాత్రి భయం వేసిన మాట నిజం. పొద్దున లేచేసరికి ఆ భయం కోపంగా మారింది, అదే మేలనుకుంది.

బ్రైస్ ఏడున్నరకి వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, మర్యాదస్తుడు, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ చేసే ఉంటుంది. మిల్వాకీ నగరంలో ఐదో అంతస్తులో పుట్టి పెరిగాడు. తడిసిన ఆమె చేతిని చూసి నిట్టూర్చాడు.

"ఆర్డిస్, నిన్నే కదండీ మాట్లాడుకున్నాం."

"మాట్లాడింది నువ్వు. నేను విన్నాను. అదీ ఒక చెవితోనే."

"కాగితం చదివారా?"

"చదివా. అచ్చు బాగుంది."

"సంతకం?"

"సాయంత్రం దాకా టైముందన్నావుగా. నన్ను తొందరపెట్టకు, చెయ్యి వణికితే సంతకం బాగోదు."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. లోపలికెళ్ళి తలుపు పక్కనే పసుప్పచ్చ బ్లోయరు పెట్టెల్ని గోపురంలా పేర్చడం మొదలుపెట్టాడు. పెట్టె మీద అరచేయంత అంకెల్లో 210 అని ఉంది. గంటకు అన్ని మైళ్ళ వేగంతో గాలి వస్తుందట. ఈ వారం ముందుంచమన్నది అదే.

తొమ్మిదింటికి ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. షికాగో నుంచి వచ్చి ఏరు పక్కన ఇల్లు కొనుక్కుని మూడు నెలలైంది. కొత్త బూట్లు, కొత్త గళ్ళ చొక్కా. పసుప్పచ్చ పెట్టె ఒకటి అప్పటికే చంకలో ఉంది. ఆర్డిస్‌ని చూసి, ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"ఎవరైనా మగవాళ్ళున్నారా? మిషన్ గురించి ఒక మాట అడగాలి."

"ఒకడున్నాడు. బాత్రూమ్ కడుగుతున్నాడు. పిలవమంటారా?"

డాక్టరు ఎర్రబడ్డాడు. ఆమె పెట్టె అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. అందరినీ అడిగే ప్రశ్నలే అడిగింది. ఏం చెట్లు? ఎన్ని? ఆకుల్ని ఎక్కడికి తోస్తారు? పక్కింటివాళ్ళతో మాటలున్నాయా?

"పక్కింటివాళ్ళతో పనేంటండీ?"

"ఆదివారం పొద్దున్నే మోత పెడితే ఉన్న మాటలు కూడా పోతాయి. చెట్లు చెప్పండి."

ఆరు ఓక్‌లు, రెండు మేపుల్‌లు. ఆకుల్ని రోడ్డు అంచుకి తొయ్యాలి, నవంబరులో ఊరి ఆకుల బండి వచ్చి గొట్టంతో పీల్చుకుపోతుంది.

"మేపుల్ రాలిపోతుంది. ఓక్ మాత్రం పట్టిన పట్టు విడవదు, నవంబరు నెలాఖరు దాకా వేలాడుతూనే ఉంటుంది. వానొస్తుంది, తడుస్తుంది. మీరు తోసేది తడి ఆకునండీ, పొడి ఆకుని కాదు. ఈ రెండొందల పది ఏంటో తెలుసా?"

"వేగం."

"మూతి సన్నగా చేస్తే ఎవరికైనా వేగం వస్తుంది. నోట్లో స్ట్రా పెట్టుకుని ఊదండి, అదీ వేగమే. దాంతో వాకిలి ఊడుస్తారా?" పెట్టె పక్కకి తిప్పి చీమ తలకాయంత అక్షరాల మీద గోరు ఆనించింది. "ఇదిగో, నిమిషానికి ఎంత గాలి వస్తుందో ఇక్కడుంది. ఆకుని తోసేది ఇది. సిగ్గుపడి దాక్కుంది పాపం."

వెనక్కి తీసుకెళ్ళింది. పీపాలోంచి రెండు పారల ఆకులు నేలమీద పరిచి, పసుప్పచ్చ నమూనా యంత్రం అతని చేతికిచ్చింది. అది ఈల వేసింది. పై వరస ఆకులు రెండు మూడు లేచి అతని కొత్త బూట్ల మీదే పడ్డాయి. మిగతావి బల్లుల్లా నేలకి కరుచుకున్నాయి. తర్వాత బూడిద రంగుది ఇచ్చింది. వెడల్పు మూతి, పెట్టె మీద ఏ అంకె గొప్పా లేదు. దాని గొంతు బొంగురు. ఆకులు అంచు నుంచి చాపలా చుట్టుకుంటూ గోడ దాకా వెళ్ళాయి. డాక్టరు చిన్నపిల్లాడిలా ఇంకో రెండు పారలు వెయ్యమన్నాడు.

"మరి ముందు గోపురం కట్టింది దీనితోనే కదా?" అన్నాడు, పసుప్పచ్చ దాన్ని చూపిస్తూ.

"కట్టినాయన్ని అడగండి," అంది ఆర్డిస్.

తలుపు దగ్గర బ్రైస్ నిలబడి ఉన్నాడు. గోడ గడియారం వంక చూశాడు.

మధ్యాహ్నం ఆమె సామాన్ల గదిలో తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని రై రొట్టె, సాసేజ్ తింది. ఫ్లాస్కులో కాఫీ. కాగితం తీసి మోకాలి మీద పరిచింది. చిన్నప్పుడు బళ్ళో ఇంజన్ల తరగతికి ఆడపిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. వంట తరగతిలో కూర్చోబెట్టేవాళ్ళు. ఆమె అక్కడ చేసిన ఆపిల్ పై అనే తీపి రొట్టెలో ఒక ముక్క దాచి, ఇంజన్ల తరగతిలో ఉన్న డెల్మర్ స్టూబ్‌కి ఇచ్చి, అతని నోటుపుస్తకం ఇంటికి తీసుకుపోయేది. కార్బ్యురేటరు గురించి ఆమెకి తెలిసిందంతా ఆపిల్ పై ముక్కలు పెట్టి కొనుక్కున్నదే. హాగెన్ ఆమెని మొదట పూలకుండీలు అమ్మడానికే పెట్టుకున్నాడు. ఒకరోజు ఎవరూ స్టార్ట్ చెయ్యలేని యంత్రాన్ని ఆమె స్టార్ట్ చేసింది. ఆ తర్వాత పూలకుండీల మాట ఎవరూ ఎత్తలేదు. ఎడమ చెవి పోయింది కూడా ఈ యంత్రాల దగ్గరే. అప్పట్లో చెవులకి ఏమీ పెట్టుకునేవాళ్ళు కాదు. చెవి ఇచ్చి సంపాదించుకున్న చోటు ఇది. కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుంది.

రెండున్నరకి ఆ డెల్మర్ స్టూబే వచ్చాడు. డెబ్బై రెండేళ్ళు, ట్రాక్టరు టోపీ, ఊరి చివర పదకొండు ఓక్ చెట్లున్న స్థలం. ఏప్రిల్‌లో ఎడమ భుజానికి ఆపరేషన్ అయింది. ఆ సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు, తెలియనట్టు నటించేది అతనొక్కడే. బ్రైస్ అప్పటికే వీపుకి తగిలించుకునే పెద్ద పెట్రోలు బ్లోయరు గల్లా దగ్గరికి మోసుకొచ్చాడు. దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైనది అదే. డెల్మర్ ముఖం వెలిగిపోతోంది.

"పక్కింటి గండర్సన్‌కి కూడా ఇదే ఉంది," అన్నాడు ఆర్డిస్‌తో. "వాడి మోత మా వంటింట్లోకి వినిపిస్తుంది. ఈసారి నా మోత వాడికి వినిపిస్తా."

"భుజం ఎలా ఉంది?"

"ఏ భుజం?"

"సరే, భుజమే లేదుగా. అయితే రా, మోసి చూపించు."

బ్రైస్ "ఆర్డిస్" అన్నాడు. ఆమె అతని వైపు ఎడమ చెవి తిప్పింది.

వెనక స్థలంలో ట్యాంకు నిండా పెట్రోలు పోసి డెల్మర్ వీపుకి తగిలించింది. పీపా చుట్టూ ఐదు చుట్లు తిరగమంది. మొదటి చుట్టు ఛాతీ విరుచుకుని తిరిగాడు. రెండో చుట్టులో మాటలు ఆగిపోయాయి. మూడో చుట్టులో ఎడమ పట్టీని కుడిచేత్తో పైకెత్తి పట్టుకుని పీపా మీదకి ఒరిగాడు.

"దింపవే, దిక్కుమాలినదానా."

"ఇంకా రెండున్నాయి."

"దింపమంటున్నానా!"

ఆమె దింపింది. అతను పీపా అంచు మీద మోచేతులానించి ఊపిరి తీసుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు. అతని అవమానం ఆమెకి తెలుసు. యాభై అయిదేళ్ళుగా ఎరిగిన మనిషి కాబట్టి జాలి చూపించలేదు.

"నీ గడ్డి కోసే బండి బానే ఉందా?"

"బానే ఉంది."

"ఆకులు పల్చగా ఉన్నప్పుడే వారానికోసారి వాటి మీదుగా తోలు. ముక్కలైపోయి గడ్డిలోకి దిగిపోతాయి. గడ్డికి బలం, నీకు కూర్చునే పని. మోత కావాలంటే అదీ బోలెడు చేస్తుంది, గండర్సన్‌కి వినిపిస్తుందిలే."

"అయితే ఏమీ కొననక్కర్లేదా?"

"బ్లేడు సాన పట్టించుకో. అంతే."

డెల్మర్ ఖాళీ చేతులతో ముందు తలుపు వైపు నడిచాడు. అప్పుడు బ్రైస్‌కి కోపం వచ్చింది. ముఖం ఎర్రబడింది కానీ గొంతు లేవలేదు, అందుకే అది నిజమైన కోపమని తెలిసింది. గల్లా దగ్గర నలుగురైదుగురు ఉన్నారు.

"కొంటానన్న మనిషిని పంపించేశారు. నా ఎదురుగానే."

"మోయలేని మనిషిని పంపించాను."

"పొద్దున ఆ డాక్టరుకి పసుప్పచ్చది చెత్త అన్నారు."

"అనలేదు. ఊది చూపించాను."

"మంచి మిషన్ అది! నేను దాని గురించి మొత్తం చదివాను. మీకు కొత్తదేదైనా పడదు, అంతే."

ఆర్డిస్ అతన్ని పరకాయించి చూసింది. కుర్రాడు అబద్ధం ఆడటం లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. అతను జీవితంలో ఎన్నడూ ఒక్క ఆకుని తొయ్యలేదని ఆమెకి అప్పుడు తట్టింది. పీపా దగ్గరికి ఎంతోమందిని తీసుకెళ్ళింది కానీ ఇతన్ని ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. ఆ తప్పు తనదే. అయినా ఇప్పుడు ఒప్పుకునే స్థితిలో లేదు.

వెనక్కి వెళ్ళి, రెండు చక్రాల తోపుడు బండి మీద పీపాని ఎక్కించి, దుకాణం మధ్యలోంచి, పెయింటు డబ్బాల పక్కనుంచి, గల్లా ముందునుంచి తోసుకుంటూ వచ్చింది. నేలంతా నీటి చార. ముందు కార్లు నిలిపే స్థలంలో ఆపి, భుజం ఆనించి పీపాని పడగొట్టింది. నల్లటి ఆకుల కుప్ప భళ్ళున పరుచుకుంది. వాసన ఒక్కసారిగా లేచింది.

"తీసుకో నీ రెండొందల పది," అంది. "ఇది ఆ గోడ దాకా తోస్తే, ఇక్కడే, వీళ్ళందరి ముందు సంతకం పెడతా."

వెనక్కి తగ్గే వీలు బ్రైస్‌కి ఉంది. తగ్గలేదు, ఆ ముక్క అతని పక్షాన చెప్పుకోవాలి. కొత్త పెట్టె విప్పి, బ్యాటరీ బిగించి, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. కాఫీ కప్పులతో జనం చేరారు. డెల్మర్ తన ట్రక్కు తలుపు తెరిచి పెట్టుకుని అందులోంచే చూస్తున్నాడు.

యంత్రం ఈల వేసింది. పై ఆకులు లేచాయి. బ్రైస్ వంగి, మూతిని నేలకి ఆనించి, ఒక్కో ఆకునీ గీరినట్టు లేపాడు. వదిలిపెట్టే రకం కాదు. చెమట కారుతోంది, ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. పావుగంటలో కుప్పలో ఇంచుమించు సగం గోడ వైపు కదిలింది. ఆర్డిస్ అనుకున్నదానికన్నా అది ఎక్కువే. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత ఈల సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. బ్రైస్ మీట రెండుసార్లు నొక్కాడు. మిగిలిన సగం ఎక్కడిది అక్కడే ఉంది. ఎవరూ నవ్వలేదు. అతని ముఖం చూస్తే నవ్వాలనిపించలేదు.

జనం పలచబడ్డాక అతను దగ్గరికొచ్చాడు. ఈసారి కుడిపక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నాకు తెలీదు, ఆర్డిస్. నిజంగా తెలీదు."

"ఇప్పుడు తెలిసింది."

"అయినా కాగితం నా చేతిలో లేదండీ. పైనుంచి వచ్చింది. సోమవారం అడుగుతారు."

"తెలుసు."

"పెట్టెయ్యండి. పెట్టి, మెల్లగా..."

"మెల్లగా ఏంటి? దొంగచాటుగా నిజం చెప్పమంటావా? నా వల్ల కాదు బాబూ. ఈ వయసులో కొత్త అలవాట్లు పడవు."

జేబులోంచి కాగితం తీసి అతని తడి చేతిలో పెట్టింది. గీత మీద ఏమీ లేదు. ఎర్ర కోటు విప్పి, లోపలికెళ్ళి, వెనక తలుపు పక్కన మేకుకి తగిలించింది. ఫ్లాస్కు తీసుకుంది. ఏడవలేదు. ఆ దుకాణానికి ఆమె ఏడుపు బాకీ లేదు. మళ్ళీ ముందుకొచ్చి ఆకుల కుప్పని చూసింది. ముప్పై ఒక్కేళ్ళలో తను చేసిన చెత్తని తను ఎత్తకుండా పోవడం అదే మొదటిసారి. కావాలనే దాని మధ్యలోంచి తొక్కుకుంటూ నడిచింది.

డెల్మర్ ట్రక్కు ఇంకా అక్కడే ఉంది. అద్దం దించాడు.

"ఏమే ఆర్డిస్, ఆ బ్లేడు సాన నువ్వు పట్టిపెడతావా?"

ఆమె ఆగింది. అతను ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నాడు.

"సోమవారం పొద్దున ఇంటికి తీసుకురా," అంది. "ఉత్తినే పట్టను. ఆపిల్ పై తేవాలి. నువ్వే చెయ్యాలి, కొనుక్కొస్తే ఊరుకోను."

"నాకు పై చెయ్యడం రాదే!"

"నోట్సు ఇస్తాలే," అంది ఆర్డిస్. తన కారెక్కి, సూటిగా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం మా ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండు దాకా ఏ దుకాణమూ తీయరు. చర్చికి వెళ్ళేవాళ్ళు కారు నెమ్మది చేసి చూశారు. హాగెన్ల దుకాణం ముందు మేనేజరు ఒక్కడే, పాత స్వెట్టరు వేసుకుని, అమ్మకానికి పెట్టిన వెదురు దంతెతో ఆకులు లాగుతున్నాడు. దంతె పట్టుకోవడం తెలియదు, చీపురులా పట్టుకున్నాడు. పోగైనవాటిని చేతులతో ఎత్తి పీపాలో వేసి, తోపుడు బండి మీద వెనక్కి తీసుకెళ్ళాడు. పారెయ్యడానికే అయ్యుండాలి. పైవాళ్ళు తీసెయ్యమన్నారు కదా.

చెత్త బండి బుధవారం వచ్చింది, వెళ్ళింది. గురువారం వాన పడింది. వెనక తలుపు పక్కన మేకు ఖాళీగా ఉంది, ఎర్ర కోటు ఎవరో మడిచి అరలో పెట్టారు. గోడ దగ్గర నీలం పీపా అంచుల దాకా నిండి తడిగా ఉంది. దానికి ఆనించిన వెదురు దంతెకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. పొట్టమీద టేపు ఒక మూల ఊడితే దానిమీద కొత్త టేపు ముక్క అతికించి ఉంది, ఆమె అక్షరాలు కనిపించేలా.